నలభై ఒకటి-బి

జూన్ 4

క్వార్టర్స్ వచ్చింది.

ఈ రెండు మాటలు రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది కాబట్టి ఇంకోసారి రాసుకుంటున్నాను. క్వార్టర్స్ వచ్చింది. కాలేజీ వెనకవైపు, రెండు గదులు, వంటగది, ముందు చిన్న వరండా. కుటుంబం ఉన్న అధ్యాపకులకు మాత్రమే. నెలాఖరులోగా పెళ్ళి సర్టిఫికెట్ అసలు ప్రతి చూపించి తాళాలు తీసుకోవాలట.

భోజనాల దగ్గర చెప్పాను. ఆయన తల ఊపి, "గోడలు పొడిగా ఉంటాయా?" అని అడిగారు. చెమ్మ తగిలితే స్టాంపులు పాడవుతాయి. అత్తగారు, "వరండాలో కూర్చుంటే మనుషులు కనిపిస్తారా, చెట్లేనా?" అన్నారు. చెట్లే అన్నాను. "అయితే మీరు పదండి. నేను ఆలోచించుకుని వస్తా."

ఈ ఇంట్లో గోడ అనేది కనిపించి చాలాకాలమైంది. కింద కొట్టు, పైన మేము అని అందరికీ చెప్పుకుంటాం. నిజానికి కింద కొట్టు, పైన గోదాము, గోదాములో మేము. మంచం కింద ఆల్బంలు. వంటగది గట్టు మీద నీళ్ళ పళ్ళాలు, వాటిలో పాత రసీదుల ముక్కలు నానుతుంటాయి. నా బీరువాలో ప్రతి బట్ట మడతలోనూ ఒక బ్లాటింగ్ కాగితం, దాని కింద ఆరుతున్న స్టాంపులు. ఒకసారి పాఠం చెబుతూ చెయ్యి ఎత్తితే జాకెట్టు చేతి మడతలోంచి ఒకటి రాలి పడింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. వాళ్ళకూ అలవాటైపోయినట్టుంది.

ఇవాళ కొత్తగా చేరిన లెక్కల మేడం, మీవారేం చేస్తారని అడిగింది. స్టాంపుల వ్యాపారం అన్నాను. "మా తమ్ముడూ చిన్నప్పుడు పోగేసేవాడు, విదేశాలవి" అంది. ఉత్తరాల మీదివి కాదని, రసీదుల మీదా ఒప్పందాల మీదా అతికించి అడ్డంగా సంతకం పెడతామే, ఆ రెవెన్యూ స్టాంపులని చెప్పాను. "అవి కూడా కొంటారా?" అంది. వాటిని ఎవరూ పట్టించుకోని రోజుల్లో మొట్టమొదట పోగుచేసింది ఆయనేనని, మొదటి కేటలాగు ఆయనదేనని, ఇప్పుడు ఎక్కడ ఎవరు పాత రెవెన్యూ స్టాంపు కొన్నా ఆయన వేసిన నంబరుతోనే అది ఏ రకమో చెప్పుకుంటారని అన్నాను. చెబుతుంటే నా గొంతులో గర్వం నాకే వినిపించింది. అది గర్వమో, నన్ను నేను సమర్థించుకోవడమో తేలలేదు.

జూన్ 5

పెట్టె అడుగునుంచి సర్టిఫికెట్ తీశాను. దాని మీద స్టాంపు లేదు.

జూన్ 5, సాయంత్రం

మామూలుగా రాయడానికి ప్రయత్నిస్తాను.

స్టాంపు ఉండాల్సిన చోట తెల్లటి గడి. కాగితమంతా పసుపెక్కింది, అక్కడ మాత్రం నిన్న కొన్నట్టుంది. మా ఇద్దరి సంతకాలూ ఎడమవైపు కాగితం మీద మొదలై, గడి అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. చివరలు రెండూ స్టాంపుతో పాటు పోయాయి.

కొట్లోకి దిగాను. ఆయన భూతద్దంలోకి వంగి ఉన్నారు.

"ఏవండీ, దీని మీద స్టాంపు ఏది?"

"ఏ స్టాంపు?"

"మన పెళ్ళి స్టాంపు."

తల ఎత్తకుండానే, "ఓ, అదా. నలభై ఒకటి-బి" అన్నారు.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. కేటలాగులో నలభై ఒకటో నంబరు మామూలు స్టాంపు, ఎక్కడ చూసినా ఉంటుంది. కాగితం లోపల లంగరు ఆకారంలో ఒక వాటర్‌మార్క్. స్టాంపును నల్ల పళ్ళెంలో బోర్లా పెట్టి రెండు చుక్కలు బెంజీను వేస్తే అది తేలి, ఆరగానే మాయమవుతుంది. మామూలు వాటికి లంగరు నిటారుగా ఉంటుంది. ఒక్కదానికి తలకిందులుగా ఉంది. అదే బి. ఆయనకు పేరు తెచ్చింది అదే. దాని మీద విదేశాల్లో వ్యాసాలు రాశారు. కేటలాగులో ఇలా ఉంటుంది: "ఏకైక ప్రతి. నీలి సిరాలో స్త్రీ సంతకం చివరి భాగం. పురుషుడి సంతకం అస్పష్టం."

ఆ పేజీ ప్రూఫులు దిద్దింది నేనే. బొమ్మ గోరంత ఉంది, మసకగా ఉంది. ఎవరో ఈ స్త్రీ అనుకున్నాను. ఆయన ఆ పేజీని మాటిమాటికీ తెరిచి చూసుకుంటుంటే రెండు మూడు రోజులు ముభావంగా కూడా ఉన్నాను. ఆ స్త్రీ మీద అసూయ అని అప్పుడు ఒప్పుకోలేదు.

"నన్ను అడగొచ్చు కదా" అన్నాను.

"నువ్వు ఊళ్ళో లేవు, సెమినార్‌కి వెళ్ళావు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ వరసగా పరీక్షిస్తుంటే తగిలింది. తాత్కాలికంగానే తీశాను."

"ఇప్పుడెక్కడుంది?"

"క్షేమంగా ఉంది."

"ఎక్కడ?"

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. అత్తగారు మెట్ల మీద కూర్చుని రొట్టె ముక్క నముల్తున్నారు. "నన్ను చూస్తావేంరా?" అన్నారావిడ. ఆ తర్వాత నమలడం ఆపి, నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

అత్తగారి కట్టుడుపళ్ళు ఎలా వచ్చాయో నేనెప్పుడూ అడగలేదు. పళ్ళ డాక్టరు కూడా స్టాంపులు పోగుచేస్తాడని తెలుసు, ఏదో స్నేహం కొద్దీ కట్టి ఉంటాడనుకున్నాను. స్నేహం కాదు. మార్పిడి. పైనొక వరస, కిందొక వరస, వాటికి బదులు నలభై ఒకటి-బి.

నా పెళ్ళి ఇన్నాళ్ళూ మా అత్తగారి నోట్లో ఉంది.

జూన్ 7

రిజిస్ట్రేషన్ ఆఫీసు. కిటికీ అవతల గుమస్తా కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, తిప్పి చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"స్టాంపు ఏదమ్మా?"

"ఊడిపోయింది."

"ఊడితే జిగురు మరక ఉంటుంది. ఇది నానబెట్టి తీసింది. కాగితం పొర కూడా లేవలేదు. ఎవరోగానీ చెయ్యి తిరిగినవాళ్ళు."

మా ఆయన పనితనాన్ని మెచ్చుకున్న మొదటి ప్రభుత్వోద్యోగి ఇతనే. ఇంటికెళ్ళి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తుండగా అతను మళ్ళీ అందుకున్నాడు.

"స్టాంపు లేకపోతే చెల్లదమ్మా. సంతకాలు కూడా సగమే ఉన్నాయి. కాగితం ప్రకారం మీరిద్దరూ పెళ్ళి మొదలుపెట్టారుగానీ పూర్తిచెయ్యలేదు."

"పూర్తిచేశామండీ. ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాం."

"చేసుకోండి. దానికి మా ఆఫీసు అడ్డు చెప్పదు."

"కొత్త స్టాంపు అతికిస్తే?"

"ఆనాటి కాగితం మీద ఈనాటి స్టాంపా? చదువుకున్నవాళ్ళు అడగాల్సిన మాట కాదు."

"పోనీ, మీ రిజిస్టరులో నకలు ఉంటుంది కదా."

"ఉండేది. ఈ భవనంలోకి మారేటప్పుడు పాత పుస్తకాలన్నీ తూకానికి వేలం వేశాం. ఎవరో ఒకాయన మొత్తం పాడుకున్నాడు. బండి మీద వేసుకుని, పక్కన తనూ ఎక్కి కూర్చుని, చంటిపిల్లల్ని పట్టుకున్నట్టు పట్టుకుని వెళ్ళాడు. ఏం చేసుకుంటాడో ఏమో."

నేను కిటికీ చువ్వల్ని చూస్తూ నిలబడ్డాను. ఏం చేసుకున్నాడో నాకు తెలుసు. ఆ ఏడాది వంటగది గట్టు చాలక స్నానాలగదిలో కూడా పళ్ళాలు పెట్టుకున్నాం. ఊళ్ళో సగంమంది పెళ్ళిళ్ళు మా ఇంట్లో నానాయి. నీళ్ళు పారబోసింది నేనే.

"సులువైన దారి ఒకటుంది" అన్నాడు గుమస్తా, జాలిపడినట్టు. "మళ్ళీ చేసుకోండి. ఇద్దరూ అవివాహితులమని రాసిస్తే చాలు."

"మేం అవివాహితులం కాదు."

"అయితే సర్టిఫికెట్ చూపించండి."

కాలేజీలో నేను చెప్పేది తర్కశాస్త్రం. ఇంత శుభ్రమైన ప్రశ్న పరీక్షలో నేనెప్పుడూ ఇవ్వలేకపోయాను.

జూన్ 8

నాకేం బాధ లేదు.

జూన్ 10

మళ్ళీ పెళ్ళి సంగతి చెప్పాను, ఆయన నవ్వుతారనుకుని. ఆయన కుర్చీలో నిటారుగా అయ్యారు.

"కొత్త సిరీస్ వచ్చిందటగా. పెళ్ళి కాగితాల మీద ఇప్పుడు ఆకుపచ్చది వేస్తున్నారట. నేనింకా చూడలేదు. చేసుకుందామా?"

ఆ కళ్ళల్లో అంత వెలుగు ఈ మధ్య చూడలేదు. మొదటిసారి అడిగినప్పుడు కూడా ఇంత ఆత్రం ఉందో లేదో. ఇది పెళ్ళి ప్రస్తావనో, స్టాంపు ప్రస్తావనో నాకు తెలియలేదు. అత్తగారే అందుకున్నారు. "చేసుకో అమ్మాయ్. ఈసారైనా స్టాంపు నీ దగ్గర పెట్టుకో."

కుదరదని చెప్పాను. క్వార్టర్స్ జాబితాలో వరస పెళ్ళి తేదీని బట్టి ఉంటుంది. ఇప్పుడు చేసుకుంటే జాబితా అడుగుకు పోతాను. పైగా అవివాహితనని అబద్ధం రాయలేను.

"అబద్ధమెలా అవుతుంది?" అన్నారాయన, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "ఇప్పుడు నువ్వు అవివాహితవే కదా."

అందులో తప్పేమీ లేదు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది, అంతే.

జూన్ 12

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నంబరు ప్రకారం పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు.

"నోరు తెరవండి."

"నేను పళ్ళకోసం రాలేదండీ. నలభై ఒకటి-బి కోసం."

చేతిలో అద్దంతో అలాగే ఆగిపోయాడు. "నీలి సిరా స్త్రీ," అన్నాడు నెమ్మదిగా, "మీరేనన్నమాట." మందుల చీటీ ముందుకు తోసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. చాలాసేపు చూశాడు. "చివర ఆ వంపు లేదే" అన్నాడు.

"రోజూ హాజరు పట్టీల్లో పెట్టి పెట్టి అరిగిపోయిందండీ."

"అయ్యో. ఆ వంపు చాలా బావుండేది." అతని బాధ నిజమైనదే. "సరే, నోరు తెరవండి. కూర్చున్నాక తెరవకపోతే బయటున్నవాళ్ళు గొడవచేస్తారు."

తెరిచాను. అతను లోపల ఏదో గీకుతూ మాట్లాడాడు.

"ఇవ్వలేనండీ. ఏమీ అనుకోకండి. అది లోకంలో ఒక్కటే ఉంది. పెళ్ళిళ్ళంటే చాలా ఉంటాయి."

"ఆ..."

"మీ బాధ నాకర్థమైంది. నాకూ భార్య ఉంది. కానీ నేను ఆవిణ్ణి ఎవరికి చూపించినా ఒక్కరూ కుర్చీలోంచి లేవరు. అది చూపిస్తే లేచి నిలబడతారు. మీ ఆయనే రాశాడు, ఏకైక ప్రతి అని. రేపు ఆయనే అది మామూలుదని రాసిస్తే ఈ క్షణమే మీ చేతిలో పెడతాను, నాకెందుకది? ఉమ్మండి."

ఉమ్మాను.

"వెనక దంతాలు అరిగాయి. నిద్రలో పళ్ళు కొరుకుతున్నారు. ఏదో మనసులో పెట్టుకున్నారు."

ఏమీ పెట్టుకోలేదని చెప్పాను.

జూన్ 13

పొద్దున లేచేసరికి నా కాఫీ గ్లాసు పక్కన అత్తగారి పళ్ళు, శుభ్రంగా తోమి, ఇంకో గ్లాసు నీళ్ళలో. "తీసుకెళ్ళి వాడి మొహాన కొట్టి నీ స్టాంపు తెచ్చుకో అమ్మాయ్" అన్నారు. పళ్ళు లేకపోవడంతో ఈ మాట అర్థమవడానికి మూడుసార్లు చెప్పించుకోవాల్సి వచ్చింది. మూడోసారికి ఆవిడకు కోపం వచ్చింది, నాకు ఏడుపు వచ్చింది.

గ్లాసు తీసుకుని వెళ్ళాను కూడా. వాడినవి వెనక్కి తీసుకోరట.

జూన్ 15

కాలేజీ హెడ్‌గుమస్తా పిలిచాడు. సర్టిఫికెట్ సంగతి ఎలాగో తెలిసిపోయింది.

"మేడం, తప్పుగా అనుకోవద్దు. మీరు వివాహిత అని రుజువు లేనప్పుడు, రూల్సు ప్రకారం మీరు ఒంటరి మహిళ. ఒంటరి మహిళా అధ్యాపకుల వరసలో గది ఒకటి ఖాళీగా ఉంది. మీకు ఈ రోజునుంచే అర్హత ఉంది. చూసుకోండి, తాళం ఉంచుకోండి. అక్కర్లేకపోతే ఇచ్చేద్దురు."

మర్యాద కోసం చూడ్డానికి వెళ్ళాను.

ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ. కిటికీ. గోడలు నాలుగూ తెల్లగా ఉన్నాయి. వాటికి ఆనించి ఏమీ లేదు. తలుపు వేసి కాసేపు కూర్చున్నాను. కుర్చీలో కూర్చునే ముందు అలవాటుగా దాని మీద చేత్తో తడిమి చూశాను, ఏమైనా ఆరుతోందేమోనని. ఏమీ లేదు.

జూన్ 16

గదికి వెళ్ళాను. ఊరికే.

జూన్ 17

ఇవాళ కూడా. జవాబు పత్రాలు దిద్దుకోవడానికి బావుంది. గాలి వస్తుంది. ఇంట్లో ఫ్యాను వెయ్యం, స్టాంపులు ఎగిరిపోతాయని.

ఆయన మంచివారు. ఇది రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే రెండు రోజులుగా ఆయన తప్పులే గుర్తొస్తున్నాయి. నాకు జ్వరం వస్తే రోజంతా పక్కన కూర్చున్నారు. థర్మామీటరును భూతద్దంతో చూశారు. నేను గట్టిగా మాట్లాడిన రోజున కూడా ఆయన గట్టిగా మాట్లాడలేదు. గట్టిగా మాట్లాడకపోవడం ప్రేమా, వినకపోవడమా?

జూన్ 18

ఒక మనిషి నిన్ను పోగొట్టుకోవాలని అనుకోకుండానే పోగొట్టుకుంటే, అది ఎవరి తప్పు? క్లాసులో ఈ ప్రశ్న అడిగాను. ఒక అమ్మాయి, "వెతికాడా మేడం?" అని అడిగింది.

జూన్ 19

చెప్పేశాను.

ఆయన వంటగదిలో పళ్ళెం ముందు నిలబడి ఉన్నారు, పట్టకారుతో నీళ్ళలోంచి ఒకటి ఎత్తుతూ.

"కాలేజీలో ఒక గది ఇచ్చారు. చూశాను."

"ఎలా ఉంది?"

"గోడలు ఖాళీగా ఉన్నాయి."

"పొడిగా ఉన్నాయా?"

"మీ ఆల్బంలకు కాదండీ. ఒక్క మనిషికి. నాకు."

పట్టకారు కొనలోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా నేల మీద పడుతున్నాయి. ఆయన ఆ స్టాంపును ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూశారు. ఈ ఇంట్లో స్టాంపు ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియకపోవడం ఇదే మొదటిసారి. చివరికి మళ్ళీ నీళ్ళలోనే వదిలేశారు.

"ఎప్పుడు వెళతావు?" అన్నారు.

ఎందుకని అడుగుతారని జవాబు తయారుచేసుకున్నాను. బావుంది కూడా, నాలుగు రోజులు ఆలోచించిన జవాబు. ఎప్పుడు అంటే నా దగ్గర ఏమీ లేదు. ఒకటో తారీఖు అన్నాను, నోటికొచ్చింది.

తల ఊపారు. తర్వాత, "పళ్ళ డాక్టరు నీతో ఏమన్నాడు? ఒక్క మాట వదలకుండా చెప్పు" అన్నారు. చెప్పాను. ఆ గీకుడు, ఆ ఉమ్మడం, అన్నీ చెప్పాను. మామూలుదని రాసిస్తే ఇచ్చేస్తానన్న మాట దగ్గర ఇంకోసారి చెప్పమన్నారు.

జూన్ 21

జరిగింది జరిగినట్టు రాయాలి. తర్వాత నాకు నేనే మార్చి చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

కేటలాగు రెండో ముద్రణకు ముఖ్యమైనవన్నీ మళ్ళీ పరీక్షిస్తున్నానని ఆయన కబురు పెట్టారట. పళ్ళ డాక్టరు టై కట్టుకుని మరీ వచ్చాడు. దూదిలో పెట్టిన చిన్న డబ్బా రెండు చేతులతో పట్టుకుని కొట్లోకి అడుగుపెట్టాడు. "ఈసారి పేజీ నిండా, రంగుల్లో వెయ్యాలండీ" అన్నాడు.

ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, స్టాంపును నల్ల పళ్ళెంలో బోర్లా పెట్టారు. రెండు చుక్కలు బెంజీను వేశారు. వంగారు. అది ఆరిపోయేదాకా వంగే ఉన్నారు. మళ్ళీ రెండు చుక్కలు. మళ్ళీ ఆరింది. మూడోసారి వెయ్యలేదు.

"లంగరు నిటారుగానే ఉంది" అన్నారు.

"అంటే?"

"మామూలు నలభై ఒకటి. బి అనేది లేదు. ఎప్పుడూ లేదు. పొరపాటు నాది."

పళ్ళ డాక్టరు నా వైపు చూశాడు, అత్తగారి వైపు చూశాడు, మేం ఏమైనా చెబుతామేమోనని. "మీరేగా ఉందన్నారు" అన్నాడు.

"అన్నాను."

"వ్యాసాలు రాశారు. విదేశాలనుంచి మనిషి వచ్చి చూసి వెళ్ళాడు. వాడూ చూశానన్నాడు."

"నేను చూపిస్తే చూశానన్నాడు. మీరు చూశారా?"

డాక్టరు టై వదులు చేసుకున్నాడు. "నాకెప్పుడూ కనపడలేదు సార్" అన్నాడు, ఎంతో చిన్నగా. "మీకు కనపడింది కదా అని నాకూ కనపడినట్టే ఉండేది. నేను ఎక్స్‌రే చూపిస్తే పేషెంట్లు తల ఊపుతారే, అలాగ."

ఆయన కాగితం తీసి రాసిచ్చారు. నలభై ఒకటి-బిగా ఇంతవరకు పేర్కొన్నది సాధారణ ప్రతి అని, ఈ రకాన్ని కేటలాగు నుంచి తొలగిస్తున్నానని. కింద సంతకం. బదులుగా ఏ ఆల్బంలోంచైనా నచ్చిన పేజీ తీసుకోమని డాక్టరుకు చెప్పారు. అతను చూడకుండానే ఒకటి చించుకుని చంకలో పెట్టుకున్నాడు. స్టాంపును పళ్ళెంలోనే వదిలేశాడు, తాగేసిన టీ గ్లాసు వదిలేసినట్టు.

గుమ్మం దాటుతుంటే అత్తగారు అడిగారు. "డాక్టరూ, మరి నా పళ్ళు? ఇవీ మామూలువేనా?"

అతను వెనక్కి తిరిగి చూడకుండా రోడ్డెక్కాడు. పాపం, ఏం చెబుతాడు.

జూన్ 22

వార్త ఎంత త్వరగా పాకిందో. తపాలా బిళ్ళల క్లబ్బు అధ్యక్షుడు ఫోను చేశాడు. మా ఆయన్ని మొదటినుంచీ "రసీదు" అని పిలిచేది అతనే. నేనెత్తాను.

"ఏమ్మా, మా రసీదుకి కళ్ళు పోయాయా, బుర్ర పోయిందా?"

"కొట్లో ఉన్నారు, పిలవనా?"

"వద్దులే. ఒక్కటి చెప్పు. నలభై ఒకటి-బి తప్పయితే పదిహేడు-ఎ సంగతేంటి? అరవై మూడు-సి? అవీ ఆయనొక్కడే చూశాడుగా. మొత్తం పుస్తకాన్ని ఎవరు నమ్ముతారు?"

ఇంకో ఇద్దరు ఇదే అడిగారు. ఒకాయన కొన్న కేటలాగు వెనక్కి పంపుతానన్నాడు.

సాయంత్రం ఆయన నల్ల పళ్ళెం పైకి తెచ్చి బల్ల మీద పెట్టారు. స్టాంపు అందులో బోర్లానే ఉంది. పక్కన బెంజీను సీసా, భూతద్దం.

"చూడాలనుంటే చూడు" అన్నారు. "అతికించాక ఇంకెవరికీ కనపడదు. వాటర్‌మార్క్ వీపు వైపునుంచే చూడాలి." కిందికి వెళ్ళిపోయారు.

ముందు తిప్పి మొహం వైపు చూశాను. నా సంతకం చివర, ఆ వంపు. బావుండేది, డాక్టరు చెప్పినట్టే. పక్కన ఆయనది, అస్పష్టం కాదు. చక్కగా చదవొచ్చు.

మళ్ళీ బోర్లా పెట్టాను. చుక్కలు వేశాను. భూతద్దం పట్టుకున్నాను.

ఒక గీత కనిపించింది. పైన వంకర తిరిగి ఉంది. లేదా కింద. లేదా అది నా కనురెప్ప వెంట్రుక నీడ. ఆరిపోయింది. మళ్ళీ వేశాను. ఈసారి గీత లేదు, కానీ ఉండివుంటే ఎక్కడ ఉండాలో అక్కడ కాస్త చీకటిగా ఉంది. ఇంకోసారి వేశాను. సీసా అయిపోయేదాకా వేశాను.

లంగరు తలకిందులుగా ఉంటే, ఆయన జీవితంలో మొదటిసారి ఒక స్టాంపు గురించి అబద్ధం చెప్పారు, నాకోసం. తనకు పేరు తెచ్చిన దాన్ని తన చేత్తోనే కొట్టేశారు.

నిటారుగా ఉంటే, ఆయన నిజమే చెప్పారు. నా పెళ్ళిని లేనిదాని కోసం ఊడదీసి, పళ్ళకిచ్చి, ఇన్నేళ్ళు దాని మీద పేరు సంపాదించారు.

ఏది నయం? మొదటిదని వెంటనే రాయబోయాను. మొదటిదైతే పళ్ళ డాక్టరుకు అన్యాయం జరిగింది. అప్పుడు నా కాపురం ఒక మోసం మీద నిలబడుతుంది. రెండోదైతే నిజాయితీ మీద నిలబడుతుంది గానీ నాకు ఏడుపొస్తుంది.

జూన్ 23

జిగురు రాసి నేనే అతికించాను. సంతకాలు సరిగ్గా కలిసేలా కదుపుతుంటే ఆయన వెనక నిలబడి, "కొంచెం ఎడమకి" అన్నారు. "ఇంకొంచెం." ఆయన ఊపిరి నా మెడకు తగిలింది. "ఆ. అక్కడ ఆపు."

జూన్ 25

రిజిస్ట్రేషన్ ఆఫీసు, ఇద్దరం. అదే కిటికీ, అదే గుమస్తా.

కాగితాన్ని వెలుతురుకు పట్టాడు. సంతకాల గీతలు స్కేలు పెట్టి చూశాడు. లోపలికి వెళ్ళి పెద్దాయన్ని తీసుకొచ్చాడు. ఆ పెద్దాయన కళ్ళజోడు మార్చుకుని మా ఇద్దర్నీ చూశాడు.

"తర్వాత అతికించిన స్టాంపు కాబట్టి నోటిమాటగా ఒప్పుకోలు కావాలి. ఇది ఆనాడు మీ కాగితం మీదున్న స్టాంపేనా?"

"అదే" అన్నారు ఆయన.

"ఆనాడు మీరు ఇష్టపడే సంతకం పెట్టారా?"

"పెట్టాను."

"ఇప్పుడు ఇష్టపడే అతికించారా?"

"అతికించింది తను" అన్నారాయన. "నేను ఎక్కడ పెట్టాలో చెప్పాను."

"మీరమ్మా? ఇష్టపడే అతికించారా?"

వెనక వరసలో ఎవరో దగ్గారు. ప్రశ్నలో రెండు భాగాలున్నాయని, ఇష్టపడటం వేరు, అతికించడం వేరు అని, ఒకదానికి అవునని మరొకదానికి తెలియదని చెప్పవచ్చని నా బుర్రలో ఎవరో పాఠం మొదలుపెట్టారు. పక్కకు చూశాను. ఆయన కిటికీని చూడటం లేదు, కాగితాన్ని చూడటం లేదు, స్టాంపును కూడా చూడటం లేదు. నన్ను చూస్తున్నారు. నేను ఏమంటానో ఆయనకు నిజంగా తెలియదు.

"అవును" అన్నాను.

గుమస్తా ముద్ర వేశాడు. "నెక్స్ట్" అన్నాడు.

ఆఫీసు మెట్లు దిగుతూ అడిగాను. "ఏవండీ, నిజం చెప్పండి. లంగరు ఎలా ఉంది?"

ఆయన రెండు మెట్లు దిగి ఆగారు. "నువ్వు చూశావుగా. నీకెలా కనపడింది?"

"నాకు చూడటం రాదు."

"నాకూ ఈ మధ్య సరిగ్గా కనపడటం లేదు" అన్నారు.

దీనికి అర్థమేమిటో రాయబోయి కొట్టేశాను. మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేశాను.

మెట్లు ఎత్తుగా ఉన్నాయి, పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. మెట్లు అయిపోయాక రోడ్డు ఉంది, రోడ్డు మీద బళ్ళున్నాయి. అందుకని వదల్లేదు.